దండ మింగిన బండి

తెల్లారితే చాలు, నాగాయలంక రేవులో పాడైన పడవ ఇంజన్లన్నీ నాంచారమ్మ షెడ్డు ముందుకి చేరతాయి. ఆవిడ పానా పట్టుకోదు, ముందు చెయ్యి వేస్తుంది. ఇంజన్‌కి ఏ రోగముంటే అది ఆవిడ ఒంట్లోకొస్తుంది. పెట్రోల్లో నీళ్ళు కలిస్తే జలుబు, ప్లగ్గు తడిస్తే ఎక్కిళ్ళు. మొన్నో డీజిల్ ఇంజన్‌కి బేరింగులు అరిగితే, పాపం, మోకాళ్ళు పట్టుకుని రోజంతా మూలిగింది. అది బాగవగానే లేచి చేపల పులుసు పెట్టుకుంది. ఊళ్ళోవాళ్ళు అడిగేదల్లా, ఎప్పటికవుద్దండీ అనే.

ఆవేళ ఆవిడకి కాలు నిలవడం లేదు. మేనకోడలు రేవతికి పోటీ మరి! బందరు బీచ్‌లో మునిగేవాళ్ళని కాపాడ్డానికి, నీళ్ళ మీద మోటార్‌సైకిల్లా పోయే జెట్ స్కీ నడిపే మనిషి కావాలట. ఉద్యోగం ఒక్కటే. మా రేవు నుంచి అవతలి లంక చుట్టి ఎవరు ముందొస్తే వాళ్ళది. రాకపోతే రేవతి మళ్ళీ రొయ్యల షెడ్డుకెళ్ళి, ఐసులో చేతులు పెట్టి తలలు తీసుకోవాల్సిందే. ఆ పని తలుచుకుంటేనే ఆ పిల్లకి ఏడుపొస్తుంది. అందుకే బోటింగ్ వాళ్ళని బతిమాలి ఓ పాత జెట్ స్కీ తెచ్చుకుంది.

తీరా బండెక్కి స్టార్ట్ చేస్తే ఇంజన్ గీపెడుతోంది గానీ బండి కదలదు! పోటీ పెట్టిన సాంబశివరావుగారేమో అందర్నీ వరసలోకి రమ్మంటున్నారు. రేవతి పెట్రోలు చూసింది, ఊడితే ఇంజన్ ఆగిపోయే మణికట్టు తాడు చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. నాంచారమ్మ పరుగున వచ్చి చెయ్యి వేసి, కడుపు పట్టుకుని చతికిలబడింది.

"పేగులకేదో చుట్టుకుందే. కింద చూడు."

ఇంజన్ ఆపి, నలుగురూ పట్టి బండిని ఇసకలో ఒరిగించారు. జెట్ స్కీ కింద నీళ్ళు పీల్చి వెనక్కి చిమ్ముతూ పోతుంది కదా, ఆ పీల్చే గొట్టంలో బంతిపూల దండ!

"దీనికి దండెవరేశారే?"

"నువ్వే అత్తా. పొద్దున పసుపూ కుంకుమా పెట్టి మరీ వేశావు."

మా రేవులో మంచిపని మీద వెళ్ళే ప్రతి పడవ ముక్కుకీ దండ పడాల్సిందే. పడవలు దండలు మింగవు. ఇది మింగుతుందని ఆవిడకేం తెలుసు! దారం కోసి లాగేసరికి కడుపునొప్పి ఠక్కున పోయింది. ఈల మోగనే మోగింది.

ఇహ చూడాలి రేవతిని! ఆఖర్న బయల్దేరి, లంక దగ్గరికొచ్చేసరికి అందర్నీ దాటేసింది. గట్టు మీద ఒకటే కేకలు. బండి లంక మలుపు తిరగ్గానే నాంచారమ్మ ఒళ్ళు పెనంలా కాలిపోయింది. పూరేకులేవో వెళ్ళి ఇంజన్ని చల్లబరిచే గొట్టంలో అడ్డంపడ్డాయన్నమాట. నది మధ్య, ఇంజన్ వేడెక్కిందని బండిలో బజరు కూస్తోంది. బండి వేగం తగ్గిపోతోంది, వెనకవాళ్ళు దగ్గరికొచ్చేస్తున్నారు.

ఇన్నాళ్ళూ ఇంజన్ బాగైతే ఆవిడకి తగ్గేది. ఆవిడకి తగ్గితే ఇంజన్ బాగవుతుందేమోనని తిరగేసి ఎప్పుడూ చూడలేదు. ఆవేళ ఆలోచించలేదు కూడా. కట్టుకున్న కొత్త పెడన చీరతోనే మాఘమాసపు చన్నీళ్ళలోకి దూకి, పీకల్దాకా దిగి, మునక మీద మునక వేసింది.

అక్కడ బజరు ఆగిపోయింది. బండి మళ్ళీ ఎగిరిపడుతూ వచ్చి అందరికంటే ముందు రేవు తాకింది. ఈలలు, చప్పట్లు, ఒకటే గోల! సాంబశివరావుగారు రేవతి దగ్గరికొచ్చి, బందరులో ఎప్పుడు చేరతావమ్మా అని అడిగారు. రేవతి అత్త కోసం చుట్టూ చూసింది.

రేవులో బండి ఇంకా గురగురమంటూనే ఉంది. అత్త ఇంకా నీళ్ళలోనే ఉంది, పళ్ళు టకటకలాడుతూ.

"ముందా ఇంజన్ ఆపవే తల్లీ, బయటికి రావాలి."