నాన్నకి సేవ

ఇప్పటివాళ్ళకి చెబితే నవ్వుతారు గానీ, ఆనకట్ట కట్టిన కొత్తలో ధవళేశ్వరంలో పొద్దున్నే పొయ్యి రాజేసే ఇల్లంటూ ఉండేది కాదు. తెల్లారితే చద్దన్నం, పెరుగు, ఆవకాయ బద్ద. అది తిని పనికి వెళ్ళినవాడు మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఎత్తేవాడు కాదు. పొద్దున్నే వేడిగా ఏదో ఒకటి వండుకు తినే జనం ఊళ్ళో ఉన్నారంటే అది అరవ మేస్త్రీల పాకల్లోనే. ఆ పాకల్లోంచి సంపూర్ణమ్మ ఇంటికి కోడలై వచ్చింది జ్ఞానమ్మ.

జ్ఞానమ్మ తండ్రి దేవసహాయం తంజావూరు వైపు నుంచి ఆనకట్ట పనికి వచ్చిన తాపీమేస్త్రీ. భార్యనీ చిన్నపిల్లనీ వెంటబెట్టుకుని వచ్చాడు. భార్య ఇక్కడే జ్వరంతో పోయింది. పిల్ల వీధిలో తెలుగు, ఇంట్లో అరవం మాట్లాడుతూ పెరిగి, మిషను బడిలో పాఠాలు చెప్పే సంపూర్ణమ్మ కొడుకు యెహెజ్కేలుని పెళ్ళాడింది. ఇప్పుడు దేవసహాయానికి పని అయిపోయింది, ఒంట్లో ఓపికా అయిపోయింది. కోరంగి వెళ్ళి ఓడెక్కి, సొంతూళ్ళో తమ్ముడి దగ్గరికి పోయి అక్కడే ఉండిపోదామనుకున్నాడు. ఇక తిరిగి వచ్చేది లేదని కూతురికీ తెలుసు.

"వెళ్ళేముందు ఒక్కసారి మీ అమ్మ చేసినట్టు సేవ చేసి పెట్టమ్మా. అది తిని పడవెక్కుతాను" అన్నాడు.

సేవంటే మరేం లేదు. బియ్యప్పిండిని మరిగే నీళ్ళు పోసి కలిపి, కొయ్యగొట్టంలో పెట్టి ఒత్తితే సన్నగా దారాల్లా దిగుతుంది. దాన్ని ఆవిరి మీద ఉడికించి, కొబ్బరి కోరు వేసి, తాలింపు పెడతారు. అరవంలో దాన్ని సేవై అంటారు. జ్ఞానమ్మ నోట్లో అది సేవ అయింది. అది తెలుగు మాట కాదని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. దేవుడి సేవ, పెద్దల సేవ అని ఆదివారం ప్రసంగంలో వింటూనే ఉంది పాపం. కానీ ప్రసంగంలో మాట వేరు, కడుపులో మాట వేరు.

అమ్మ చేసినట్టు చెయ్యడం జ్ఞానమ్మకి వచ్చు. పొయ్యే లేదు. పెళ్ళై ఏడాది దాటినా సంపూర్ణమ్మ కోడల్ని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. వాకిలి ఊడవచ్చు, కాలవనుంచి నీళ్ళు తేవచ్చు, గిన్నెలు తోమవచ్చు. పొయ్యి మాత్రం ఆవిడది, అందులో బూడిద కూడా ఆవిడదే. కోడల్ని పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఏవే అరవపిల్లా" అనేది. నాన్న కోసం ఆ మధ్యాహ్నం జ్ఞానమ్మ ధైర్యం కూడదీసుకుని అత్తగారి ముందు నిలబడింది.

"అత్తయ్యగారండీ, మా నాన్న ఊరెళ్ళిపోతున్నారండి."

"విన్నాను."

"నాన్నకి సేవ చెయ్యాలని ఉందండి. మీరు సరేనంటే, రేపు పొద్దున్నే."

సంపూర్ణమ్మ చేతిలో చేట ఆగిపోయింది. "మా వాడికి చెప్పావా?"

"చెప్పానండి. అమ్మ సరేనంటే నాదేముంది అన్నారండి."

"అంతేలే. నా సేవ నువ్వు చేసిందీ లేదు, నేను అడిగిందీ లేదు. మీ నాన్నకే చేసుకో."

అత్తగారికి కూడా తినాలని ఉందేమోననుకుంది జ్ఞానమ్మ. "మీకూ చేస్తానండి. ముందు నాన్నది కానివ్వండి. ఎంతోసేపు పట్టదండి."

కన్నతండ్రి గురించి ఇంత తేలిగ్గా మాట్లాడే పిల్లని సంపూర్ణమ్మ ఎక్కడా చూడలేదు. తెల్లబోయి చూసి, చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. జ్ఞానమ్మకి మాత్రం పొయ్యి దొరికినందుకు కాళ్ళు నేలమీద ఆనలేదు.

యెహెజ్కేలు మిషను పనిమీద రాజమండ్రి వెళ్ళాడు. ఆ సాయంత్రం సంపూర్ణమ్మ అన్నం తినలేదు. అటకమీంచి జాడీలు దించింది, ఏవో మూటలు కట్టింది. తన చేతికి అందకుండా దాస్తోంది కాబోలనుకుంది జ్ఞానమ్మ. ఆ మాత్రం దానికి బాధపడే స్థితిలో లేదు. నానబెట్టి దంచిన బియ్యప్పిండి జల్లిస్తూ అమ్మని తలుచుకుంది. మేస్త్రీల పాకల్లో మంచు పట్టిన పొద్దుల్లో అమ్మ గొట్టం ఒత్తుతుంటే, కింద తను అరిటాకు పట్టుకు కూర్చునేది. మొదటి పిడచ ఎప్పుడూ తనదే. ఆ రోజులు మళ్ళీ రావని తెలిసి కూడా మనసు వాటి చుట్టే తిరిగింది.

కోడి కూసేసరికి పొయ్యి రాజేసింది. కుండలో నీళ్ళు పోసి మూతికి గుడ్డ కట్టింది. మొదటి వాయి ఉడికి దిగేసరికి గుమ్మంలో సంపూర్ణమ్మ, చంకలో మూటతో.

"ఆవకాయా, పాతచింతకాయా పెట్టాను. నా పెళ్ళినాటి చీర కూడా ఉంది అందులో. పడవెప్పుడు?"

"పొద్దెక్కాకండి. నాన్నకి చీరెందుకండి?"

"నీకేనే. పోతే పోయావు గానీ, పొయ్యి ఇవ్వలేదన్న కోపంతో పోకు. నువ్వంటే గిట్టక కాదు ఇవ్వనిది. అది కూడా ఇచ్చేస్తే ఇక ఈ ఇంట్లో నాకేం పని? మా వాడు రేపొచ్చి నా పెళ్ళామేదీ అంటే ఏం చెప్పను?"

జ్ఞానమ్మకి తలా తోకా తెలియలేదు. "నేనెక్కడికి పోతానండి?"

"నాన్నకి సేవ చేస్తానన్నావుగా."

"చేస్తున్నానుగా అండీ. ఇదిగో." ఆవిరి కక్కుతున్న తెల్లటి సేవని అరిటాకు మీద పెట్టి చూపించింది.

సంపూర్ణమ్మ ఆకు వంక చూసింది, కోడలి వంక చూసింది. మూట దించి అక్కడే చతికిలబడింది. "దీన్నా మీవాళ్ళు సేవంటారు" అని నవ్వబోయి, నవ్వు రాక భోరుమని ఏడ్చింది. జ్ఞానమ్మా ఏడ్చింది. ఇన్నాళ్ళూ తనని ఈ ఇంట్లో ఎవరూ కోరుకోలేదనే అనుకుంది మరి.

ముందు తేరుకున్నది అత్తగారే. కళ్ళు తుడుచుకుని, కోరాం ముందేసుకుని కొబ్బరిచిప్పలు కోరిపారేసింది. తాలింపు దగ్గరికి వచ్చేసరికి పాత అలవాటు ఊరుకోనివ్వలేదు. "అల్లం లేని తాలింపూ ఒక తాలింపేనా జ్ఞానమ్మా?" అంటూ అల్లం, పచ్చిమిరపకాయలు దంచి వేసింది. అమ్మ ఆవాలూ, ఎండుమిరపా తప్ప ఇంకేం వేసేది కాదు. జ్ఞానమ్మ నోరు తెరిచింది. మొదటిసారి పేరుపెట్టి పిలిచిన మనిషికి అడ్డం చెప్పలేక మళ్ళీ మూసుకుంది.

పొద్దెక్కుతుండగా దేవసహాయం వచ్చి పీటమీద కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, ఆగాడు.

"ఇది మీ అమ్మ చేసినట్టు లేదు" అన్నాడు అరవంలో.

నాన్న అడిగింది ఒక్క కోరిక, అదీ తీర్చలేకపోయింది. "అల్లం అత్తయ్యగారు వేశారప్పా" అంది జ్ఞానమ్మ మెల్లిగా.

"నీకు పొయ్యి కూడా ఇవ్వడం లేదని పాకల్లో అనుకున్నారు. ఇది తిని, నిన్నూ నాతో రమ్మందామనే వచ్చాను." వంటింట్లో కొంగు నడుముకి దోపి రెండో వాయి దింపుతున్న సంపూర్ణమ్మని కాసేపు చూశాడు. తరువాత తెలుగులో, "చెల్లెమ్మా, ఇంకొంచెం పెట్టండి" అన్నాడు.

ఆకు ఊడ్చుకు తిని, చీర తీసేసి తక్కిన మూట పట్టుకుని పడవెక్కాడు. ఆ మరుసటేడు పోయాడని కబురొచ్చింది.

తరువాత జ్ఞానమ్మ ఆ పొయ్యి మీద ఎన్నోసార్లు సేవ చేసింది, అల్లం వేసే చేసింది. అత్తగారు కూడా పోయాక ఒకసారి, అమ్మది గుర్తు తెచ్చుకుందామని, అల్లం లేకుండా ఆవాలూ ఎండుమిరపా వేసి చేసి చూసింది. బాగానే ఉంది. కానీ ఎవరింట్లోనో వండినట్టుంది.