మొదటి ముద్ద

జూబ్లీహిల్స్‌లోని ఆ వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో తెల్లారేసరికి సగం మంది వాంతులతో మంచం పట్టారు. "రాజమ్మ చేతులు కడుక్కోదు, అందుకే" అని మేనేజరు పృథ్వీరాజ్ బంధువుల ముందు తేల్చేశాడు.

వంటమనిషి రాజమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆమె వండేది అన్నం, ఉప్మా మాత్రమే. పప్పుచారు, కూరలు కాంట్రాక్టరు మల్లికార్జున్ వ్యాన్‌లో సాయంత్రం వస్తాయి. ఎక్కడివని అడిగితే "నీకెందుకు" అనేవారు. అప్పటినుంచే ఆమె ఆ వ్యాన్ మీద ఓ కన్నేసి ఉంచింది.

గిన్నె అడుగున మిగిలిన చారు వేలితో రుచి చూసింది. పులుపు వెనక వేయించిన మెంతుల చేదు తగిలింది. ఆ చేదు ఆమె రోజూ ఇంట్లో మొగుడి చేతి వంటలో తినేదే.

కృష్ణానగర్ గదికి పోయి మొగుడు హనుమంతును నిలదీసింది. అతను మల్లికార్జున్ కిందే ఫిల్మ్‌నగర్ షూటింగులకు వండుతాడు.

"మిగిలింది ఏం చేస్తరు?"

"ఆవులకన్నడు సేటు. పొద్దుగూకేదాకా ఎండల ఉంటది, అటెంక వ్యాన్ల ఎక్కిస్తరు."

"గా ఆవులు మా ముసలోళ్లే."

హనుమంతు చెప్పులేసుకుని తోటి వంటవాళ్లను పిలవడానికి బయల్దేరాడు.

సందులో ఆయాలు, షూటింగు వంటవాళ్లు చేరారు. రేపు వ్యాన్‌ను గుమ్మంలోనే ఆపుదామంది రాజమ్మ. ఆయా దేవమ్మ అడ్డం తిరిగింది. "నౌకరీ పోతే కిరాయి ఎవడిస్తడు?"

"ఇయ్యాల నా చేతులన్నరు. రేపు నీ చేతులంటరు," అంది రాజమ్మ.

దేవమ్మ తన చేతులు చూసుకుంది. "పొద్దుగాల్నుంచి వాంతులు ఎత్తిన చేతులివి. సరే, నేనూ వస్త."

మరునాడు వ్యాన్‌తో పాటు మల్లికార్జున్ కూడా దిగాడు. ఆయాలు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. రాజమ్మ వ్యాన్‌లోని డ్రమ్ములోంచి చారు తీసి, పళ్లెంలో అన్నం మీద వడ్డించి అతని ముందు పెట్టింది.

"మొదటి ముద్ద మీది సేటూ."

"నాకు షుగర్."

"చారుల షక్కర్ ఎయ్యలే."

అతను ముద్ద ముట్టలేదు, పోలీసులకు ఫోన్ చేశాడు. వాళ్లు వచ్చి రాజమ్మనే జీపెక్కించారు. దొంగసొమ్ము దాచేవాడిలా మేనేజరు పళ్లెం అందుకోబోయాడు.

నిన్నటి నీరసం తీరని రిటైర్డు టీచరు జ్ఞానప్రసూనాంబ చక్రాల కుర్చీని అడ్డం తోసింది. "దాన్ని ముట్టుకోకండి బాబూ. ఆహార తనిఖీవాళ్లు వచ్చేదాకా మా దగ్గరే ఉంటుంది."

చేతికర్రలు పట్టుకుని తక్కిన వృద్ధులు కదిలారు. ఆయాలు చేరారు. కాసేపటికి షూటింగు వంటవాళ్లు అక్కడ పొయ్యిలార్పి గేటు బయటికి వచ్చారు, ముందు హనుమంతు.

"రాజమ్మను తోలుకొచ్చినంకనే పొయ్యి ఎలుగుతది," అన్నాడు.

ఆ సాయంత్రం షూటింగులో ఎవరికీ అన్నం లేదు. ఇక్కడ పళ్లెంలో అన్నం ఉంది. దాని చుట్టూ కాపలా కూర్చున్నవాళ్లు ఎవరూ లేవలేదు.