ఆల్బా అని రాసిన రేకు

నేను ఒక రేకు ముక్కను. నా కళ్ల ముందే ఒక మనిషి ఉద్యోగం ఊడిపోతోంది. దొంగ ఎవరో నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

విజయనగరంలోని ఒక కాలేజీ మందుమొక్కల తోటలో, జిల్లేడు పాదిలో నిలబడి ఉన్నాను. నా మీద మూడు లాటిన్ మాటలు: కెలోట్రోపిస్ జైగాంటియా ఆల్బా. నా వెనక మొక్క ఈ ఉదయమే పూసింది. ఊదారంగు పూలు.

"తెల్లజిల్లేడు ఏమైంది?" అని అడిగారు ప్రిన్సిపాల్ సుమిత్ర మేడమ్.

"ఏమవుతుంది మేడమ్? వేరు తవ్వి అమ్ముకుంది." సూపరింటెండెంట్ భుజంగరావు నల్లకళ్లద్దాలు సర్దుకున్నాడు. "శనివారం సాయంత్రం మామూలు జిల్లేడు పాతేసి, సెలవు చీటీ ఇచ్చి చెల్లెలి ఊరు చెక్కేసింది. ఇవాళ ఏమీ ఎరగనట్టు దిగింది. ఇంటికి పంపించెయ్యండి."

తోటమాలి పైడితల్లి గుడ్లనీరు కుక్కుకుంది. పద్దెనిమిదేళ్ల చాకిరీ. రెండు నెలల్లో ఉద్యోగం పర్మనెంటు కావాలి.

కాస్త వెనక్కి వెళ్తాను. త్వరగా వచ్చేస్తాను, ఆమెకు ఎక్కువ సమయం లేదు.

మొదట నేను బజ్జీల కొట్టులో నూనె డబ్బాను. ఖాళీ అయ్యాక వృక్షశాస్త్రం గవర్రాజు మాస్టారు కత్తిరించి, పచ్చరంగు పూసి, తెల్లటి అక్షరాలు రాసి, ఇనుపచువ్వకు బిగించారు. చదువురాని పైడితల్లికి నా చివరి మాట ఒక్కటే నేర్పారు.

"ఆల్బా అంటే తెల్లనిదే. మనం 'తెల్ల' అని ముందు అంటాం, లాటిన్‌లో దాన్ని పేరు తర్వాత పెడతారు. పక్కనున్న పేరును బట్టి తోక కూడా మార్చుకుంటుంది. చందనం లాటిన్ పేరు పక్కన 'ఆల్బమ్' అయిపోతుంది."

అలా తోక మార్చే గుణం మాటలకే ఉంటుందనుకున్నాను. ప్రిన్సిపాల్ మారినప్పుడల్లా భుజంగరావును చూశాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

తెల్లజిల్లేడు వేరులో వినాయకుడు కొలువుంటాడని, పుష్యమి కలిసిన ఆదివారం తవ్వి ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుందని మనుషుల నమ్మకం. పూలు లేనప్పుడు ఏది తెల్లదో ఎలా తెలుస్తుంది? నన్ను చదివితే తెలుస్తుంది. దొంగకు దారి చూపింది నేనే!

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఒకడు గునపంతో వచ్చాడు. నన్ను చదివాడు, పీకి పక్కన పడేశాడు, తవ్వాడు. వేరు తెగిన చోట పాలు చివ్వున చిమ్మాయి. "అబ్బా!" అని కన్ను మూసుకున్నాడు. పచ్చిమొగ్గలున్న మరో జిల్లేడు పాతి, నన్ను మళ్లీ గుచ్చి పోయాడు.

ఇప్పుడు పైడితల్లి నా ముందు గొంతుక్కూర్చుంది. చివరి మాట మీద వేలు పెట్టింది.

"అమ్మగోరూ, నాకొచ్చిన సదువు ఇదొక్కటే. ఆల్బా. తెల్లది. దీనెనకాల ఊదాపూలు ఎట్టడానికి నాకు సెయ్యాడదు."

"కథలు చెప్పకు!" భుజంగరావు కసిరాడు.

ఆమె నన్ను పైకి లాగి మేడమ్‌కు చూపించింది. "ఈ మరకలు సూడండి. జిల్లేడు పాలు. నానైతే సేతులకి నూనె రాసుకుని, మొకం పక్కకి తిప్పి, గాటు మీద బూడిద సల్లుతాను. ఇది తెలీనోడెవడో తవ్వాడు. కంట్లో పడితే వారం దాకా కన్ను నిప్పే, అమ్మగోరూ."

సుమిత్ర మేడమ్ నెమ్మదిగా తల తిప్పారు.

"సోమవారం నుంచీ ఆ అద్దాలెందుకండీ?"

"కండ్లకలక మేడమ్. చూస్తే అంటుకుంటుంది."

"అంటుకోనివ్వండి. తియ్యండి."

అద్దాలు దిగాయి. ఎడమ కన్ను చింతనిప్పు. కుడి కన్ను మాత్రం తెల్లగా, నిక్షేపంలా ఉంది.

"ఎవరు తవ్వారు పైడితల్లీ? నువ్వే చెప్పు."

పద్దెనిమిదేళ్లుగా అతన్ని 'సారూ' అని తప్ప పిలవని మనిషి, నన్ను పాదిలో కసుక్కున గుచ్చి లేచి నిలబడింది.

"బుజంగర్రావు," అంది.