నొప్పి లేని రోజు

బుధవారం సాయంత్రానికి నా ఒళ్లునొప్పులు పోయాయి. ఇంట్లో అందరూ సంతోషించారు. నాన్న వాళ్లమ్మ, మా బాపమ్మ రుక్మాబాయి, అమ్మవారి పటం ముందు దీపం పెట్టి, మా దుకాణానికి పాలకొచ్చిన ప్రతివాళ్లతోనూ చెప్పింది.

"ముడుపు కట్టిన గదా. తల్లి విన్నది. పిల్ల నొప్పంత గుంజుకున్నది."

నేను మాత్రం డైరీ తీసి చూశాను. సోమవారం: నడుము. మంగళవారం: నడుము, తొడలు, కూర్చోలేకపోయాను. బుధవారం పేజీలో రాయడానికి ఏమీ లేదు.

అన్న మున్నాకు బ్లడ్ క్యాన్సర్. ఆసుపత్రిలో మందులు పెట్టి అతని ఎముకల్లోని మూలుగను పూర్తిగా చంపేశారు. ఇక అతనికి సొంతంగా రక్తం పుట్టదు. శుక్రవారం నా రక్తంలోంచి మూలకణాలు తీసి అతనికి ఎక్కించాలి. ఇంట్లో సరిపోయినవి నావే. అందుకే రెండు నెలల కిందట అమ్మమ్మ ఊరి నుంచి నన్ను తీసుకొచ్చారు. ఆ కణాలు ఎముకల్లోంచి రక్తంలోకి రావడానికి రోజూ పొద్దున నాకొక సూది వేస్తారు.

"ఎముకలు నొప్పి పుడతాయమ్మా. భయపడకు, లోపల పని జరుగుతోందని గుర్తు" అని డాక్టర్ విమలాదేవి ముందే చెప్పారు.

మరి పని ఆగిపోయిందా? ఎవరినైనా అడగాలనిపించింది. కానీ పుట్టినప్పటి నుంచి అమ్మమ్మ దగ్గర పెరిగినదాన్ని. ఈ ఇంట్లో నాకింకా గొంతు రాలేదు. అమ్మ అన్న దగ్గరే ఉంది.

గురువారం తెల్లవారి దుకాణం వెనక మొహం కడుక్కుంటూ చూశాను. బాపు, అంటే మా నాన్న, పాల ప్యాకెట్ల డీప్ ఫ్రీజర్ మూత ఎత్తి, పన్నీరు డబ్బాల కింద నుంచి నా మందు పెట్టె తీశాడు. ఒక సిరంజిని గోరువెచ్చని నీళ్ల గిన్నెలో వేశాడు. లోపలి మందు తెల్లగా గడ్డకట్టి ఉంది.

"మంగళారం పొద్దుగూకినంక కరెంటు పాయె గదా. ఇంట్ల ఫ్రిజ్‌ను నమ్మేటట్టు లేదు" అన్నాడు నన్ను చూసి. "దీనికైతే ఇన్వర్టర్ ఉంది. ఇరవై ఏండ్ల సంది దీంట్ల పాలే ఇరగలే, మందుకేమైతది?"

గర్వంగానే అన్నాడు. పెట్టె మీద గడ్డకట్టనివ్వొద్దని మంచు బొమ్మ, దానికి అడ్డంగా గీత ఉండడం నేను సోమవారమే చూశాను. అంటే నిన్నటి సూది కూడా గడ్డకట్టినదే. చెప్పబోయి, మళ్లీ మొహం మీద నీళ్లు చల్లుకున్నాను.

గల్లీ చివర ఉండే నర్సు సాయిప్రియ అక్క డ్యూటీకి పోతూ వచ్చింది. అప్పటికి మందు నీళ్లలా తేటగా ఉంది. బాపు సిరంజిని తుడిచి పళ్లెంలో పెట్టాడు.

"ఏమే అమలా, నొప్పులు తగ్గినయట? మీ బాపమ్మ గల్లీ అంత డప్పు కొడుతున్నది."

అక్క నా చేతికి స్పిరిట్ దూది రాసింది. చల్లగా తగలగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"వద్దక్కా."

"ఇంక రెండు సూదులే గదనే! ఇప్పుడా భయం?"

"లొల్లి చెయ్యకు బిడ్డా, గిరాకి నిలబడ్డది" అన్నాడు బాపు.

"అది గడ్డకట్టింది." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఫ్రీజర్‌ల ఉండె. నిన్నటిది గూడ."

"అమ్మవారు నొప్పి తీసేస్తే దీనికి అనుమానమట!" బాపమ్మ కసిరింది.

అక్క సిరంజి కింద పెట్టి బాపు వైపు తిరిగింది. "నిజమేనా, బీరయ్యన్నా?"

"ఖరాబు గావద్దనే పెట్టిన..."

"అన్నా, ఇది పాలు గాదే!" అంటూనే ఆసుపత్రికి ఫోన్ కలిపింది.

బాపు బండికున్న పాల క్యాన్లు దింపి నన్ను ఎక్కించుకున్నాడు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ మీద బండిని జోరుగా పోనిచ్చాడు.

ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేశారు. కణాలు ఉండాల్సినన్ని లేవు. డాక్టరమ్మ అక్కడికక్కడే కొత్త సూది వేయించారు.

"రేపు తీయలేం. శనివారం చూద్దాం. మున్నా ఒక్కరోజు ఓర్చుకోవాలి" అన్నారు. తర్వాత బాపు వైపు తిరిగి, "ఈ పిల్ల ఇవాళ కూడా చెప్పకపోయి ఉంటే నా దగ్గర కూడా దారి ఉండేది కాదు" అన్నారు.

"నా చేతులతోనే చేసిన మేడం" అన్నాడు బాపు నేల చూస్తూ.

విడిగా ఉంచిన గది అద్దం అవతలి నుంచి అన్న ఫోన్ చేశాడు. వెంట్రుకలు లేని తల, మూతికి మాస్కు.

"ఏయ్ పల్లెటూరు! బాపుకే ఎదురు చెప్పినవట?"

"ఒక్కరోజు ఆగుతవా అన్నా?" అన్నాను.

"యాడికి పోత? బయటికి రానియ్యరు గదా."

సాయంత్రం దాకా అక్కడే బెంచీ మీద కూర్చున్నాం. ఐదు గంటలప్పుడు నడుములో చిన్నగా మొదలైంది. తొడల్లోకి దిగింది. నేను వంగిపోవడం చూసి బాపు లేచాడు.

"ఏమైంది బిడ్డా?"

"నడుము బొక్కలు గుంజుతున్నయి బాపూ."

"మస్తు గుంజుతున్నయా?"

"మస్తు."

బాపు తువ్వాలతో మొహం ఒత్తుకున్నాడు. తర్వాత అద్దం దగ్గరికి ఉరికి, అవతలికి వినిపించదని మరిచిపోయి గట్టిగా అరిచాడు.

"చెల్లెకు నొస్తున్నదట్రా మున్నా! నొస్తున్నదట!"