అరగని పన్ను

బడేబీ స్టీలు గిన్నె తెచ్చి ముందు పెట్టేసరికి మెర్లిన్‌కు ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. నాలుగు నెలలు ఎదురుచూస్తే దొరికిన టేకు చేప దవడ, గిన్నెలో విడివిడి పళ్ళై పడి ఉంది.

"నీచు కంపుతో మీ చేతికెట్ట ఇచ్చేది మేడమ్? బాగా ఉడకబెట్టి కడిగినాను," అంది బడేబీ. విడవలూరులో చేపలమ్మే ఆమెకు శుభ్రమంటే అదే. ఉడకబెట్టొద్దని ముందే చెప్పకపోవడం మెర్లిన్ తెలివితక్కువతనం.

గద్దలా రెక్కలు చాచి ఈదే ఈ చేపకు గట్టి ఎముకలుండవు. చచ్చాక ఒళ్ళంతా మట్టిలో కలిసిపోయి, గుల్లలు నమిలే బల్లపరుపు పళ్ళు మాత్రం రాళ్ళై మిగులుతాయి. కచ్‌లో దొరికిన అలాంటి ఏడు రాతిపళ్ళతో మెర్లిన్ ఐదేళ్ళు కాపురం చేసింది. ఏడూ ఒకే చేపవని, ఎవరూ చూడని కొత్త జాతిదని థీసిస్ రాసింది. ఇప్పటి చేప దవడ ఫొటో ఒకటి పక్కన పెట్టి, సోమవారం నెల్లూరు యూనివర్సిటీలో ఇచ్చేస్తే ఈ చాకిరీ వదిలిపోతుంది.

బడేబీ భర్త ఖాదర్ బాషా బండలు పరిచే మేస్త్రీ. గిన్నె అందుకుని గడప దగ్గర చతికిలబడ్డాడు. ఒక్కో పన్నునూ బొటనవేలితో తడిమి, అంచుకు అంచు ఆనించి, అరగంటలో వరస పేర్చేశాడు.

"వాకిట్లో బండ ముందు అరుగుద్ది మేడమ్. లోపలికి పోయేకొద్దీ కొత్తగా ఉంటది. ఇదీ అంతే."

నిజమే. వెనక పుట్టిన పన్ను ముందుకు జరుగుతూ అరుగుతుంది. మెర్లిన్ ముచ్చటపడి, ఫోన్‌లో తన రాతిపళ్ళ వరస చూపించింది. చూపించకుండా ఉండాల్సింది.

ఆయన ఫొటో పెద్దది చేసి చూశాడు. "ఈ నాలుగోది ఈ ఇంటి బండ కాదు. అటూ ఇటూ అరిగుంటే, నడిమధ్యన ఇదెట్ట కొత్తగా ఉంటది?"

కొత్త జాతి అంతా ఆ నాలుగో పన్ను వెడల్పు మీదే నిలబడి ఉంది.

"తెలుసన్నా," అంది మెర్లిన్. మూడేళ్ళ కిందటే తెలుసు. చూసీ చూడనట్టు పొమ్మన్నారు గైడు, పోయింది. ఆ మాట పైకి అనడం ఇదే మొదటిసారి. సిగ్గేసింది. దానికన్నా ఎక్కువగా, ఇన్నాళ్ళూ దాచిపెట్టిన అలసట ఒక్కసారిగా ఒళ్ళంతా కమ్మింది.

బడేబీ ఇచ్చిన టీ తాగి, గైడుకు ఫోన్ చేసింది. "సోమవారం ఇవ్వలేను సార్. నాలుగో పన్ను తీసేస్తున్నాను."

"అది తీసేస్తే నీకింకేం మిగులుద్దమ్మా?"

మెర్లిన్ గడప దగ్గరి వరస వైపు చూసింది.

"ఆరు పళ్ళు సార్," అంది.