నీళ్ళలో ఇద్దరు

రఘునందన్ సినిమాలకు స్టిల్ ఫోటోగ్రాఫర్. షూటింగ్ లేని సాయంత్రాల్లో ఫిల్మ్ నగర్ నుంచి బండేసుకుని దుర్గం చెరువుకు పోయేవాడు. కేబుల్ బ్రిడ్జి దీపాలు నీళ్ళలో పడి మెరుస్తుంటే ఫోటోలు తీయడం అతనికి పిచ్చి. గాలి ఆగాలి, నీళ్ళు నిలవాలి. చాలాసార్లు ఉత్త చేతులతోనే తిరిగొచ్చేవాడు.

ఆ రోజు గాలి ఆగింది. నీళ్ళు మాత్రమే కనిపించేలా కెమెరా నిలబెట్టుకున్నాడు. కాస్త దూరంలో గట్టు మీద ఎవరో ఇద్దరు కూర్చుని ఉన్నారు. నీలం, ఎరుపు వెలుగుల నడుమ వాళ్ళ ప్రతిబింబం తలకిందులుగా పడింది. వాళ్ళ వల్లే బొమ్మకు ప్రాణం వచ్చింది. వెళ్ళి అడుగుదామా అనుకున్నాడు. ఈలోగా గాలి లేస్తే? అడగలేదు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చీకటి భాగాన్ని కొంచెం తేటపరిచాడు. ఆమె తల అతని భుజం మీద ఉంది, నవ్వుతోంది. బాగుందనుకుని ఇన్‌స్టాలో పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నానికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ ఫోటోను మొహాలు నిటారుగా కనిపించేలా తిప్పి పెట్టారు. "మన లీలాకుమారి గారు కాదూ?"

రఘు ఫోటోను పెద్దది చేసి చూశాడు. ఆమే. పై అంతస్తులో ఉండే డబ్బింగ్ ఆర్టిస్టు. భర్త పోయాక కూతురితో ఉంటోంది. పని లేక తిరుగుతున్న రఘుకు మొదటి సినిమా ఇప్పించింది కూడా ఆమే. వెంటనే ఫోటో తీసేశాడు. అప్పటికే అది కూతురు స్ఫూర్తి ఫోన్‌కు చేరింది. ఇంటర్ చదివే ఆ పిల్ల బ్యాగు సర్దుకుని ఎర్రగడ్డలో ఉన్న నానమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

రఘు పైకి వెళ్ళి తలుపు తట్టాడు.

"అక్కా, ఆ ఫోటో నేనే తీసిన. మీరని నాకు ఎరుక లేదు."

"నేనని తెలీదు, సరే. ఎవరో ఇద్దరున్నారని తెలుసుగా? వచ్చి ఒక్క మాట అడిగుంటే మేమే లేచి పక్కకెళ్ళేవాళ్ళం." ఆమె గొంతు పెంచలేదు. "ప్రభాకర్ గారిని పెళ్ళి చేసుకుందామనుకున్నాను. పరీక్షలయ్యాక అమ్మాయికి నేనే చెబుదామనుకున్నాను రఘూ."

అతను ఎర్రగడ్డ వెళ్ళాడు. స్ఫూర్తి గేటు దాకా వచ్చింది కానీ లోపలికి రమ్మనలేదు.

"తప్పు నాది స్ఫూర్తీ. అమ్మ మీద కోపం పెట్టుకోకు."

"ఫోటోతోని నాకేం లేదన్నా. నాన్న పోయినంక మా అమ్మ గట్ల నవ్వంగ నేను చూడలే. ఊరంతా చూసినంక నాకు తెలవాల్నా?"

రఘు బండి తిప్పుకుని వచ్చేశాడు.

పరీక్షలయ్యాక ఆ పిల్ల ఇంటికి వచ్చింది. ఒకరోజు లీలాకుమారి కింద క్యాబ్ కోసం నిలబడి ఉంటే రఘు ధైర్యం చేసి ప్రభాకర్ గురించి అడిగాడు.

"చెన్నై వెళ్ళిపోయారు. అమ్మాయి ఒప్పుకునేదాకా ఆగుదామన్నాను. ఎన్నాళ్ళని అడిగారు. ఏం చెప్పను?"

క్యాబ్ వచ్చింది. రఘు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె "థ్యాంక్స్" అని ఎక్కి కూర్చుంది, కొత్తవాళ్ళతో అన్నట్టు. కారు మలుపు తిరిగాక కూడా అతను దారికి అడ్డంగా అక్కడే నిలబడి ఉంటే, వెనక ఎవరో హారన్ కొట్టారు.