మధ్యలో ఒక పేరంత జాగా

నేను ఒక డ్రాఫ్టర్‌ని. మీలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళుంటే ఈపాటికి ఒళ్ళు జలదరించి ఉంటుంది. చదవనివాళ్ళ కోసం చెబుతాను. నన్ను డ్రాయింగ్ బోర్డు అంచుకి స్క్రూతో బిగిస్తారు. రెండు ఇనుప చేతులు చాచి, చివర ఒక ప్లాస్టిక్ స్కేలు పట్టుకుని ఉంటాను. కాగితం మీద ఎక్కడికి జరిపినా వాలు తప్పకుండా గీత గీయించడం నా పని. మొదటి ఏడాది పిల్లలు నన్ను భుజాన తగిలించుకుని బస్సెక్కితే, "ఇంజనీరుగారూ, కొంచెం లోపలికి జరగండి" అనేవాడు కండక్టరు. ఒక్క సబ్జెక్టయినా గట్టెక్కకముందే దక్కే పట్టా అది.

నరసరావుపేట దాటాక పొలాల మధ్య కట్టిన ఒక కాలేజీ ముందు, పుస్తకాల కొట్లో నన్ను కొన్నది హిమబిందు. మెకానికల్ బ్రాంచిలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. డ్రాయింగ్ పాసైన రోజున కంపాస్ ముల్లుతో నా స్కేలు వెనకవైపు తన పేరు చెక్కింది. జూనియర్ నాగుల్‌మీరా చేతిలో నన్ను పెట్టి, "దీన్ని అమ్మగూడదు. ఊరికే ఇయ్యాల. పాసైనోళ్ళే పేరు చెక్కాల, తెలిసిందా?" అంది. నాగుల్‌మీరా పాసయ్యాడు, చెక్కాడు, నన్ను ఏసోబుకిచ్చాడు.

ఏసోబు మాటెత్తితే నా చేతులు కదలనంటాయి. తుప్పు పట్టి స్క్రూ బిగుసుకుందని మీరనుకుంటారు, అనుకోండి. నన్ను అంత ప్రేమగా చూసుకున్నవాడు లేడు. గీసే ముందు జేబురుమాలుతో తుడిచేవాడు, గీశాక మళ్ళీ తుడిచేవాడు. యంత్రమంటే ప్రాణం. పాడైన పంపు ఎక్కడ కనపడినా దాని ముందు చతికిలబడేవాడు. వాడికొచ్చిన చిక్కల్లా ఒక్కటే. మా డ్రాయింగులో ఒక రూలుంది. వస్తువును పైనుంచి చూస్తే కనపడే బొమ్మను కాగితం మీద కింద గీయాలి.

"పైనుంచి కనపడేది పైన గీయాల గద సార్? కింద గీయమంటారేంది?" అని అడిగాడు.

"ఏందయ్యా నీ గోల? గీయమన్నట్టు గీయి!" అన్నాడు సారు.

అర్థం కాకుండా బట్టీ కొట్టినవాళ్ళంతా పాసయ్యారు. అర్థం కోసం కొట్టుకున్న ఏసోబు తప్పాడు. రాసిన ప్రతిసారీ చెయ్యి తనంతట తానే పైకి పోయేది. ఏం చదువులో మీవి!

మిగతా సబ్జెక్టులన్నీ మంచినీళ్ళు తాగినట్టు దాటేశాడు. ఆఖరి ఏడాది పూణే నుంచి పంపులు తయారుచేసే కంపెనీ వస్తే, డిజైన్ విభాగానికి వాణ్ణొక్కణ్ణే ఎంచుకున్నారు. కాకపోతే చేరే రోజుకి ఒక్క సబ్జెక్టు కూడా మిగిలి ఉండకూడదన్నారు. మిగిలింది డ్రాయింగ్. ఆ వేసవి పరీక్షే ఆఖరి అవకాశం. ఈసారి మాత్రం రూలు వంటబట్టింది. నమ్మకం ఎంతగా కుదిరిందంటే, నాగుల్‌మీరా పేరు కింద తన పేరు పెన్సిల్‌తో ముందే రాసుకున్నాడు. పాసయ్యాక దానిమీదే చెక్కుదామని. అచ్చుగుద్దినట్టున్న అక్షరాలు. పిచ్చి సన్నాసి!

వాడి గదిలోనే ఉండే త్రికోటి కూడా ఆ పరీక్షే రాస్తున్నాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. పరీక్ష హాల్లో పక్కపక్క బోర్డులు. ఏసోబు సగం గీశాడో లేదో, త్రికోటి డ్రాఫ్టర్ స్క్రూ మర ఊడి కిందపడింది. వాడు తల పట్టుకున్నాడు.

"ఒరే, ఇది తీసుకోరా. నా కాడ స్కేలుంది. చివరి లెక్కకిచ్చెయ్, చాలు" అన్నాడు ఏసోబు. హాల్లో ఉన్న సారు చూసి తలూపాడు. నన్ను విప్పి పక్క బోర్డుకి బిగించారు.

త్రికోటి గీశాడు, గీస్తూనే ఉన్నాడు. చివరి లెక్క నేను లేకుండా కుదిరేది కాదు. దానినిండా ఏటవాలు గీతలే. ఏసోబు ఒకసారి దగ్గాడు. నా మీదున్న త్రికోటి చెయ్యి ఆగింది. వాడు విన్నాడు, నా మీద ఒట్టు, విన్నాడు. మళ్ళీ గీయసాగాడు. ఏసోబు ఇంకోసారి దగ్గి, ఉత్త స్కేలు పెట్టి కంటి అంచనాతో గీతలు గీసుకున్నాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగరా అని అరవడానికి నాకు నోరేది? రెండు చేతులుండీ ఏం లాభం? గంట కొట్టారు.

ఫలితాల్లో త్రికోటి గట్టెక్కాడు. ఏసోబు కొద్ది మార్కుల్లో తప్పాడు. పూణే వాళ్ళు ఇంకొకరిని చూసుకున్నారు.

"నోరు తెరిచి అడగొచ్చు గదరా!" అని గదిలో భోరుమన్నాడు త్రికోటి.

"దగ్గాను గదరా" అన్నాడు ఏసోబు.

ఏసోబే కంపాస్ తీసి వాడి చేతిలో పెట్టాడు.

"నువ్వు పాసయ్యావుగా. రివాజు రివాజే. చెక్కు."

ఏసోబు పెన్సిల్‌తో రాసుకున్న పేరుకి కింద త్రికోటి వంకరటింకరగా తన పేరు చెక్కి బయటికెళ్ళిపోయాడు. ఏసోబు నన్ను ఒళ్ళో పెట్టుకున్నాడు. బొటనవేలు నాలుక మీద అద్దుకుని తన పేరు తుడిచేసుకున్నాడు. ఒక్కో అక్షరం మీద వేలు ఆగుతూ పోయింది. ఆ తడి ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కాలేజీ వదిలి వెళ్ళే ముందు నన్ను కెజియా అనే జూనియర్ పిల్లకిచ్చాడు. "పరీక్షలో ఎవరన్నా అడిగితే ఇయ్యమ్మా. కాకపోతే నీకు కావల్సొచ్చినప్పుడు దగ్గబాక. నోరు తెరిచి అడుగు" అన్నాడు. ఆ పిల్ల అర్థం కాక నవ్వి తలూపింది. మళ్ళీ వాణ్ణి నేను చూడలేదు. ఎక్కడో ఒకచోట పంపులు బాగుచేస్తూ ఉంటాడని నాకు నేనే చెప్పుకుంటాను.

కెజియా చెక్కింది, ఆ తర్వాత ఇంకొందరు చెక్కారు. ఇప్పుడు గీతలన్నీ కంప్యూటర్లోనే గీస్తున్నారట. నన్ను ల్యాబులో అద్దాల బీరువాలో, పేర్లు కనపడేలా బోర్లా పడుకోబెట్టారు. ఏటా కొత్త పిల్లలొస్తే, "ఈ డ్రాఫ్టర్ పట్టుకున్న ప్రతివాడూ పాసయ్యాడు, పేర్లు చూడండి" అని గొప్పగా చూపిస్తాడు కుర్రసారు. పరీక్షలకు ముందు కొందరు అద్దం తాకి కళ్ళకద్దుకుంటారు. నాగుల్‌మీరా పేరుకీ త్రికోటి పేరుకీ మధ్య ఒక పేరంత జాగా ఖాళీగా ఉంది. అదెందుకని ఇంతవరకు ఎవరూ నోరు తెరిచి అడగలేదు.